పరగడుపు ఉమ్మి

నాకు ఎనిమిదేళ్ళప్పుడు కుడికంటి రెప్పమీద కురుపు లేచింది. మా నాయనమ్మ తెల్లవారుజామునే, ఇంకా పళ్ళు తోముకోక ముందే, నన్ను లేపి ఎదురుగా కూర్చోబెట్టుకునేది. చూపుడువేలు నాలుకకు అద్దుకుని, ఎడమ అరచేతిలో గిరగిర రుద్ది, వేలు వేడెక్కగానే చప్పున నా కురుపుమీద ఆనించేది. ఇల్లా మూడుసార్లు. "పరగడుపు ఉమ్మిరా, కదలకు. నేను మాట్లాడితే దాని గుణం పోతుంది" అని, ఆ మాట కూడా వైద్యం అయిపోయాకనే చెప్పేది. వారం తిరిగేసరికి కురుపు పత్తా లేకుండా పోయింది. ఆవిడకే గనక మీసాలుండి ఉంటే ఆ రోజున మెలివేసి ఉండేది.

ఈ ముచ్చట చెబితే ఈ కాలపు పిల్లలు ముక్కు చిట్లిస్తారు. చిట్లించనివ్వండి. కాని నిజం చెప్పుకోవాలంటే ఉమ్మి వైద్యం తెలియని ఇల్లు మన తెలుగుదేశంలో ఉండదు. కత్తిపీట మీద వేలు తెగిందా, ఆ వేలు తిన్నగా నోట్లోకి పోతుంది. వేడి గిన్నె చురుక్కుమనిపించినా అంతే. దోమ కుట్టినచోట కాస్త తడి, చీమ కుట్టినచోట కాస్త తడి. పొలంలో కందిరీగ కుడితే నోట్లో నములుతున్న పొగాకు ముద్దే తీసి అక్కడ అంటిస్తారు. మొటిమలకు పరగడుపు ఉమ్మి, తామరకు పరగడుపు ఉమ్మి. పిల్లవాడు దడుసుకుంటే వాడి రొమ్ము మీద "థూ థూ" అంటారు. దిష్టి తగిలితే ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి, బిడ్డచేత మూడుసార్లు తుపుక్కుమనిపించి నిప్పుల్లో పోస్తారు. మిరపకాయల కోరు రాకపోతే, "చూశావా, ఎంత దిష్టో!" అని తల్లులు గుండెలు బాదుకుంటారు.

మీరు ఇవేమీ చేయలేదంటే ఒప్పుకుంటాను. కాని చిన్నతనంలో పలక మీద ఉమ్మి మోచేత్తో తుడవలేదంటే మాత్రం ఒప్పుకోను. "సరస్వతిరా వెధవా!" అని మాస్టారు చెవి మెలిపెట్టేవారు. ఆ మాస్టారే హాజరుపట్టీలో కాగితం తిప్పాలంటే వేలు నాలుకకు అద్దుకునేవారు. ఆయనకు సరస్వతి అడ్డం వచ్చేది కాదు కాబోలు.

చుట్టరికమే మడి

ఇందులో ఉన్న చిత్రమేమిటంటే, ఉమ్మిని మందుగా వాడుకున్న మనమే ఉమ్మిని చూసి ఇంకెవరూ జంకనంతగా జంకుతాం. 'ఎంగిలి' అన్న మన మాటకు సరిపోయే మాట ఇంగ్లీషులో ఒక్కటి దొరకదు. గ్లాసు పెదవికి తగలకుండా పైకెత్తి నీళ్ళు తాగడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఎంగిలాకు, ఎంగిలి మెతుకు, ఎంగిలి చెయ్యి, అన్నీ దూరంగా ఉంచవలసినవే. పిసినారిని తిట్టాలన్నా ఎంగిలి చేత్తో కాకినైనా తోలడంటాం. అల్లాగని ఆ మాటలో ఆప్యాయం లేకపోలేదు. అతిథిని "కాస్త ఎంగిలిపడండి" అని పిలుస్తాం. తెలంగాణలో బతుకమ్మ పండుగ తొలినాటిని ఎంగిలిపూల బతుకమ్మ అంటారు.

శాస్త్రకారులు కూడా ఈ చిక్కును గమనించారు. మనుస్మృతి అయిదో అధ్యాయం కొన్ని నోళ్ళను శుద్ధమని విడిచిపెట్టింది. పాలు చేపేవేళ దూడ నోరు శుద్ధం. పండును రాల్చే పక్షి ముక్కు శుద్ధం. స్త్రీ నోరు ఎప్పుడూ శుద్ధమే. వేటలో మృగాన్ని పట్టినప్పుడు కుక్క నోరు కూడా శుద్ధమే! పాలు కావాలి, పండు కావాలి, ఇల్లాలు కావాలి, వేటమాంసం కావాలి. కావలసినచోట మడి కాస్త సడలింది.

కిందటేడు మా తరగతిలో ధూర్జటి చెప్పిన తిన్నడి కథ పాఠం వచ్చింది. అడవిలో పుట్టిన ఆ బోయపిల్లవాడు కాళహస్తి లింగానికి అభిషేకం చేయడానికి చేతులు ఖాళీ లేక, ఏటినీరు పుక్కిట పట్టి తెచ్చి స్వామి నెత్తిన వదులుతాడు. మాంసం ముందు తాను రుచి చూసి మెత్తనిదే పెడతాడు. ముందు బెంచీలో ఉన్న అమ్మాయి ఉండబట్టలేక, "ఛీ, ఉమ్మినీళ్ళా సార్!" అంది. తరగతంతా నవ్వింది. "నీ చిన్నప్పుడు మీ అమ్మ నీ మూతి ఏ నీళ్ళతో తుడిచిందమ్మా?" అన్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి తానూ నవ్వేసింది. పమిట చెంగు కొస నాలుకకు అద్ది బిడ్డ బుగ్గమీది కాటుక మరక తుడవని తల్లి ఎక్కడుంది?

శబరి సంగతీ అంతే. వాల్మీకిలో ఆవిడ అడవి ఫలాలు సేకరించి ఉంచానంటుందే గాని, కొరికి చూసినట్టు లేదు. కొరికి చూడటం జనం తరువాత చేర్చుకున్న ముచ్చట. రాముడికి ఎంగిలిపండు పెట్టించనిదే మనవాళ్ళకు తృప్తి కలగలేదు. తల్లి నోటితడి ఎంగిలి కాదు. భక్తుడి నోటితడి ఎంగిలి కాదు. పక్కింటివాడి గ్లాసు మాత్రం ఎంగిలి. అంటే మన లెక్కలో ఎంగిలి ఉన్నది ఉమ్మిలో కాదు, చుట్టరికంలో. ఉమ్మి మందవుతుందన్న నమ్మకానికి మూలం కూడా ఇదే అనిపిస్తుంది. నా మేలు కోరేవాళ్ళ నోట్లోంచి వచ్చింది నాకు కీడు చేయదు గదా అన్న ధీమా.

రోములోనూ ఇదే వైద్యం

మా నాయనమ్మ తెనాలి దాటి ఎన్నడూ ఎరగదు. కాని ఆవిడ వైద్యం రెండువేల ఏళ్ళనాడు రోములో ఉంది. ప్లినీ అనే రోమన్ పండితుడు తన బృహద్గ్రంథం ఇరవై ఎనిమిదో సంపుటంలో పరగడుపు ఉమ్మి మహిమలన్నీ ఏకరువు పెట్టాడు. పాములకు అది విరుగుడట. రోజూ పొద్దున్నే రాస్తే కళ్ళకలక పోతుందట. నిద్రపోతున్న పసిబిడ్డను పరాయివాళ్ళు చూస్తే దాది మూడుసార్లు ఉమ్మేదట. మన దిష్టికీ దీనికీ తేడా ఎండుమిరపకాయలే. పాపం, మిరపకాయ అప్పటికి వాళ్ళకూ తెలియదు, మనకూ తెలియదు లెండి.

ఆ రోజుల్లోనే జరిగిన ఇంకొక కథను టాసిటస్ అనే చరిత్రకారుడు చెప్పాడు. క్రీ.శ. 70 ప్రాంతంలో, కొత్తగా చక్రవర్తి అయిన వెస్పేసియన్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఉన్నాడు. ఒక గుడ్డివాడు కాళ్ళమీద పడి, "తమ ఉమ్మి నా కళ్ళకు రాయండి ప్రభూ, చూపు వస్తుందని దేవుడు చెప్పాడు" అన్నాడు. వెస్పేసియన్ మొదట నవ్వాడు. తరువాత జంకాడు. చివరకు వైద్యులను పిలిపించి అడిగాడు. వాళ్ళు ఎంత లౌక్యులో చూడండి: "చూపు పూర్తిగా పోలేదు, అడ్డం తొలగితే రావచ్చు. వస్తే కీర్తి ప్రభువులది, రాకపోతే నగుబాటు ఈ దీనుడిది" అని తేల్చారు. అంత భరోసా దొరికాక ఏ ప్రభువు వెనుకాడతాడు? రాశాడు. చూపు వచ్చిందని టాసిటస్ రాశాడు.

క్రైస్తవుల సువార్తల్లో ఏసుక్రీస్తు పుట్టుగుడ్డివాడి కళ్ళకు ఉమ్మి కలిపిన మన్ను పూసి, సిలోయము కోనేటిలో కడుక్కోమన్న ఘట్టం మనలో చాలామందికి తెలిసినదే. ఇంకా వెనక్కు పోతే గ్రీసు దేశంలో ఎపిడారస్ అనే ఊళ్ళో వైద్యదేవుడు ఆస్క్లేపియస్ కోవెల ఉండేది. అక్కడి శిలాశాసనాలు క్రీ.పూ. నాలుగో శతాబ్దివి. కోవెల కుక్క నాకితే ఒక గుడ్డి బాలుడికి చూపు వచ్చిందనీ, పాము నాకితే ఒకడి కాలివేలి పుండు మానిందనీ వాటిమీద చెక్కి ఉన్నది. ఐరోపాలో ప్లేగు రోగులు మొక్కుకునే సెయింట్ రాక్ బొమ్మ పక్కన ఎప్పుడూ ఒక కుక్క ఉంటుంది. ఆయన పుండ్లు నాకి మాన్పింది అదేనని కథ.

కుక్క మాట వచ్చింది గనక గుర్తుంచుకోండి, మళ్ళీ దానిదగ్గరకే రావాలి.

అద్దాల గదిలో నాయనమ్మ

ఇన్ని దేశాలవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ఒకే మాట నమ్మారంటే అందులో ఏదో ఉండి తీరాలిగదా అని శాస్త్రజ్ఞులూ వెతికారు. వెతికితే దొరికింది కూడా.

మన నోట్లో ఆరు పెద్ద లాలాజల గ్రంథులున్నాయి. చెవుల దగ్గర రెండు, దవడల కింద రెండు, నాలుక కింద రెండు. రోజుకు అరలీటరు నుంచి లీటరున్నర వరకూ ఊరుతుంది. నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు నీరే. మహిమంతా ఆ మిగిలిన ఒక్క పాలులో ఉంది.

1921లో లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగు జలుబుతో బాధపడుతూ తన ముక్కునీటినే సూక్ష్మజీవుల మీద ప్రయోగించాడు. అవి కరిగిపోయాయి. అదే పదార్థం కన్నీటిలో, ఉమ్మిలో, గుడ్డు తెల్లసొనలో కూడా కనబడింది. 1922లో లైసోజైమ్ అని దానికి పేరు పెట్టి లోకానికి చెప్పాడు. ప్రయోగశాలలో కన్నీళ్ళు కావలసివచ్చి, నిమ్మకాయ పిండించి మనుషులను ఏడిపించేవారట! అయితే ఈ లైసోజైమ్ సాధు క్రిములను చంపినంత సులువుగా మనకు రోగాలు తెచ్చే గట్టి క్రిములను చంపలేకపోయింది. అందుకే అది పెద్ద మందు కాలేదు. ఆ గౌరవం 1928లో అదే ఫ్లెమింగు కంటబడిన పెన్సిలిన్‌కు దక్కింది.

తరువాత అమెరికాలో స్టాన్లీ కోహెన్ ఎలుకల దవడకింది గ్రంథిరసాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కించి చూశాడు. అవి వేళకు ముందే కళ్ళు తెరిచాయి, వేళకు ముందే పళ్ళు వచ్చాయి. చర్మాన్ని పెంచే ఒక పదార్థం ఆ రసంలో ఉందని తేలింది. రీటా లెవి మాంటాల్చినితో కలిసి 1986లో ఆయన నోబెల్ బహుమతి అందుకున్నాడు. లాలాజల గ్రంథులు తీసివేసిన ఎలుకలకు గాయాలు ఆలస్యంగా ముడుచుకుంటాయని 1979లో 'నేచర్' పత్రికలో వచ్చింది. 2006లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థవారు మనిషి ఉమ్మిలో నొప్పిని తగ్గించే పదార్థం ఒకటి కనుగొన్నారు. 2008లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు గాజుపాత్రలో బుగ్గ లోపలి పొర కణాలను పెంచి, గీతపెట్టి, ఉమ్మి చేర్చి చూస్తే ఆ గీత త్వరగా పూడుకున్నది. దానికి కారణమైన హిస్టాటిన్ అనే పదార్థాన్ని విడదీసి చూపారు.

మీకు అనుభవమే గదా, అన్నం తింటూ బుగ్గ కొరుక్కుంటే రెండు మూడు రోజుల్లో ఆ గాయం ఏమైందో కూడా గుర్తుండదు. అదే గాయం మోకాలికి తగిలితే వారం రోజులు కుంటుతాం. నోరు ఎప్పుడూ తడిగా, ఎప్పుడూ క్రిములతో నిండి ఉన్నా గాయం త్వరగా మానడానికి ఉమ్మి చేసే సాయం తక్కువది కాదు.

ఇంతవరకూ చదివి మీ ఇంట్లో పెద్దవాళ్ళు, "చూశావా, మేం చెప్పలేదూ!" అని ఉంటారు. కాస్త ఆగమనండి.

రెండో వైపు

పరగడుపు ఉమ్మి సంగతే ముందు చూద్దాం. రాత్రి నిద్రలో ఉమ్మి ఊరడం దాదాపు ఆగిపోతుంది. కడిగిపోసేది లేక నోట్లో క్రిములు పోగుపడతాయి. పొద్దున్నే నోరు వాసన వేయడానికి కారణం అదే. ఒక్క మిల్లీలీటరు ఉమ్మిలో మామూలుగానే పదికోట్ల వరకూ సూక్ష్మజీవులుంటాయి. తెల్లవారి పళ్ళు తోముకోక ముందు ఇంకా దట్టంగా ఉంటాయి. అంటే ప్లినీ, మా నాయనమ్మ ఏకగ్రీవంగా మెచ్చిన పరగడుపు ఉమ్మి, ఉమ్ములన్నిటిలోకీ మురికిది!

మన నోట్లో మన క్రిములు మనకు పాతకాపులు. నోటి గోడ వాటికి అలవాటు పడి ఉంది. కాని అవే తెగిన చర్మం కిందికి దిగితే కథ మారుతుంది. సైకిలు మీదనుంచి పడి బొటనవేలు చితికిన ఒక మధుమేహ రోగి, అలవాటుకొద్దీ ఆ రక్తం నాకుకున్న ఉదంతం 2002లో ఒక ప్రఖ్యాత వైద్యపత్రికలో వచ్చింది. నోటిలోని క్రిమి వేలిలో కాపురం పెట్టింది. చివరకు ఆ వేలినే కొంత తీసివేయవలసి వచ్చింది. మన ఇళ్ళలో చక్కెరజబ్బు లేని ఇల్లేది? కాలిపుండు మీద ఉమ్మి రాసుకునే పెద్దవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

తామర శిలీంధ్రం వల్ల వస్తుంది, ఉమ్మికి లొంగదు. పాము కరిచినచోట నోటితో విషం పీల్చి ఉమ్మేయడం సినిమా హీరోకు చెల్లుతుంది గాని, విషం అప్పటికే లోపలికి పోయి ఉంటుంది. పీల్చినందువల్ల గాయానికి క్రిములు చేరడమే మిగులుతుంది. అన్నట్టు, పాము విషగ్రంథి కూడా లాలాజల గ్రంథికి దాయాదే! సుశ్రుతుడు జంతువుల విషం ఎక్కడెక్కడ ఉంటుందో పదహారు స్థానాలు లెక్కపెడుతూ అందులో 'లాల'ను కూడా చేర్చాడు. లాల అంటే ఉమ్మే.

అయితే మరి ఉమ్మి మందా, విషమా? జలగ ఉమ్మిలో రక్తం గడ్డకట్టనివ్వని గుణం ఉందని 1884లో హేక్రాఫ్ట్ కనుగొన్నాడు. అమెరికా ఎడారిలో గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి ఉంది. దాని ఉమ్మిలో దొరికిన పదార్థం నమూనాగా తయారైన మధుమేహపు మందు 2005లో అక్కడ అంగీకారం పొందింది. కాని ఏ వైద్యుడూ బల్లిచేత నాకించుకోమని చీటీ రాయలేదు. పదార్థాన్ని విడదీసి, శుద్ధిచేసి, కొలతవేసి సూదిమందుగా ఇచ్చారు. సంగతంతా ఇక్కడే ఉంది. ఉమ్మిలో మందు ఉన్నది. కాని ఉమ్మే మందు కాదు.

కుక్క నాలుక

ఇక కుక్క దగ్గరకు రావాలి. ఇది రాయాలా వద్దా అని చాలారోజులు తటపటాయించాను.

నాకు పదేళ్ళప్పుడు మా గేదెలు తోలుకువెళ్ళే కుర్రాడొకడు ఉండేవాడు. నాకన్న రెండేళ్ళు పెద్ద. ఈతముళ్ళతో గాలిమర కట్టడం, తాటిబుర్రలతో బండి చేయడం నాకు నేర్పినవాడు. ఒకనాడు వాడి పిక్కమీద కంచెతీగ గీరుకుని పుండయింది. మధ్యాహ్నం మా అరుగుమీద కూర్చుని గంజి తాగుతుంటే వాడు పెంచుకునే కుక్కపిల్ల ఆ పుండు నాకసాగింది. వాడు కాలు వెనక్కు లాక్కున్నాడు. గుమ్మంలో పత్తి వత్తులు చేసుకుంటున్న మా నాయనమ్మ, "నాకనీరా, కుక్క నాలుక మందు. దాని పుండ్లు అది నాక్కుని మాన్పుకోవడంలేదూ?" అంది. వాడు కాలు చాపాడు.

ఆ కుక్కపిల్లను అంతకుముందెప్పుడో ఊరకుక్క ఏదో కరిచిందట. నాలుగైదు రోజులకు అది మూల నక్కి, మేత మానేసి చచ్చిపోయింది. వాడు ఏడ్చి, కాలవగట్టున గొయ్యి తీసి పాతిపెట్టాడు. గోతిమీద పెట్టడానికి పూలు నేనే కోసిచ్చాను. పుండు కూడా మానింది. మానిందని నాయనమ్మ సంతోషించింది కూడాను.

నెలన్నర గడిచింది. ఒకరోజు వాడు మానిన మచ్చ దగ్గర జివజివలాడుతోందన్నాడు. మరునాడు జ్వరం. ఆ మరునాడు వాళ్ళ అమ్మ చెంబుతో నీళ్ళిస్తే తాగబోయి, గొంతు పట్టేసి, చెంబు విసిరికొట్టాడు. దాహం, దాహం అంటాడు. నీళ్ళు చూస్తే వణికిపోతాడు. బండిలో పెద్దాస్పత్రికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరు చూసి, "కుక్క కరిచిందా?" అని అడిగాడట. కరవలేదు, నాకిందంతే అన్నారట. మూడోనాడు బండి తిరిగివచ్చింది.

ఈ జబ్బును సుశ్రుతుడు ఎరుగును. నీళ్ళంటే భయం పుట్టిన రోగి బతకడని ఆయన చెప్పాడు. ఆనాటికీ ఈనాటికీ ఆ మాట దాదాపు అంతే నిలిచి ఉంది. లక్షణాలు కనబడ్డాక చేయగలిగింది లేదు. చేయవలసిందంతా అంతకుముందే. పిచ్చికుక్క విషం దాని కోరలో లేదు, ఉమ్మిలో ఉంది. కోర చేసేది దారి చూపడమే. ఆ దారి పుండు ముందే తెరిచి ఉంచితే కోరతో పనిలేదు. పైగా కుక్కకు పిచ్చి బయటపడటానికి కొద్దిరోజుల ముందునుంచే ఉమ్మిలో ఆ క్రిమి దిగుతుంది. అప్పుడు అది ముద్దుగానే ఉంటుంది, తోక ఊపుతూనే ఉంటుంది.

1885లో పారిస్‌లో లూయీ పాశ్చర్ ఒక తొమ్మిదేళ్ళ పిల్లవాడికి మొదటిసారి దీనికి టీకా వేయించాడు. పిల్లవాడు బతికాడు. మన దేశంలో 1900లో కసౌలీలో, 1907లో కూనూరులో ఇందుకోసం సంస్థలు వెలిశాయి. కాని మా చిన్నతనంలో ఆ వైద్యమంటే బొడ్డుచుట్టూ పధ్నాలుగు సూదులు. ఆ భయానికే చాలామంది ఆస్పత్రి గడప తొక్కక పసరుతో, మంత్రంతో సరిపెట్టేవారు. ఆ పాతరకం మందు తయారీ మన దేశంలో 2004 చివరకు ఆగిపోయింది. ఇప్పుడు జబ్బకు వేసే సూదులు నాలుగైదు మాత్రమే.

అందుచేత ఇళ్ళలో పెద్దలకు నా విన్నపం ఒక్కటే. కుక్కగాని, పిల్లిగాని, కోతిగాని పిల్లల పుండును నాకినా, పళ్ళు గీరుకున్నా, అది కరిచినట్టే లెక్క. వెంటనే సబ్బు రాసి, పంపుకింద పెట్టి పావుగంట కడగాలి. ఆ క్రిమి పైపొర కొవ్వుతో చేసినది, సబ్బుకు చెదిరిపోతుంది. కారం, సున్నం, పసుపు పట్టించవద్దు. ఆనాడే ఆస్పత్రికి వెళ్ళాలి. సూదులతోబాటు పుండు దగ్గర వేసే సీరం కూడా అవసరమవుతుంది, డాక్టరు చెబుతాడు. మొదలుపెట్టిన సూదులు తేదీ తప్పకుండా పూర్తిచేయాలి. చర్మం ఎక్కడా తెగకుండా ఉంటే ఉత్త నాకుడుకు భయం లేదు, కడుక్కుంటే చాలు. ఇంటి కుక్కకు ఏటేటా టీకా వేయించడం దాన్ని ముద్దు చేయడంలో భాగమే.

ఉత్త వేలు

ఆ రోజు తరువాత మా నాయనమ్మ కుక్క నాలుక మాట ఎత్తలేదు. ఎవరూ ఆవిడను నిందించలేదు. ఆ కుర్రాడి తల్లి కూడా ఒక్కమాట అనలేదు. అరుగుమీద ఆ మాట అన్నప్పుడు అక్కడ ఉన్నది మేం ముగ్గురమే. ఇద్దరం మిగిలాం. నేను ఎవరికీ చెప్పలేదు. తన కంచంలోకి అన్నం వడ్డించుకోకముందే ఒక ముద్ద తీసి పక్కన పెట్టడం మాత్రం ఆవిడకు అలవాటైంది. ఎవరికని అడిగితే, "ఎవరికో ఒకరికి" అనేది.

రెండేళ్ళ తరువాత మా చెల్లెలికి కంటికురుపు లేచింది. తెల్లవారుజామున నాయనమ్మ దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నేను పక్కనుంచి చూస్తున్నాను. చూపుడువేలు నాలుకదాకా వెళ్ళింది. వెళ్ళి ఆగింది. ఆవిడ వేలు దించి, పెరట్లోకి వెళ్ళి, చెయ్యి శుభ్రంగా కడుక్కుని, తుడుచుకుని వచ్చింది. ఉత్తవేలే అరచేతిలో గిరగిర రుద్ది, వేడెక్కగానే కురుపుమీద ఆనించింది. "వేడి చాల్లే" అంది, దానితోనో నాతోనో.

వారం తిరిగేసరికి ఆ కురుపు కూడా పత్తా లేకుండా పోయింది.

ఈ మధ్య మా అబ్బాయికి కురుపు లేస్తే కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాను. చాలామటుకు ఈ కురుపులు వారం పదిరోజుల్లో వాటంతట అవే పోతాయనీ, గోరువెచ్చని నీళ్ళలో శుభ్రమైన గుడ్డ ముంచి పిండి రోజుకు మూడు నాలుగుసార్లు కాపడం పెడితే త్వరగా పోతాయనీ, చేతులు మాత్రం కడుక్కుని పెట్టమనీ చెప్పాడు. ఫీజు ఇచ్చి బయటకు వచ్చాను. అంతకు ముప్పై ఏళ్ళ ముందే, ఏ శాస్త్రమూ చదవని మనిషి, తన వైద్యంలో ఏది ఉంచాలో ఏది తీసేయాలో తనంతట తాను తేల్చుకున్నదని ఆ డాక్టరుకు చెబుదామనుకున్నాను. వెనక చాలామంది కాచుకుని ఉన్నారు. చెప్పలేదు.